ఇరవై తలకాయల లెక్క

మా క్లినిక్‌లో కొత్త పేషెంట్లకి ఇచ్చే కాగితాల కట్టలో ఒక పేజీ 65 దాటినవాళ్ళకి మాత్రమే. అందులో మూడు ప్రశ్నలుంటాయి. మీరు గానీ మీ భార్య/భర్త గానీ ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నారా? ఆ ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉందా? ఆ సంస్థలో 20 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేస్తున్నారా?

మూడోదాని దగ్గర చాలామంది పెన్ను ఆపేస్తారు. మొన్నొకాయన కౌంటర్ దాకా వచ్చి, "ఏమ్మా, నా మోకాలికీ మా కంపెనీ జనాభాకీ ఏమిటి సంబంధం?" అన్నాడు. మాది మోకాళ్ళ డాక్టరు దగ్గర బిల్లింగ్ పని. డాలస్ పక్కన, 17 ఏళ్ళుగా. ఆ పేజీ ఎన్ని వందలమంది చేత నింపించి ఉంటానో లెక్కలేదు. మా అన్నయ్యని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇదంతా రాయడానికి కారణం అదే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

అన్నయ్య 1998లో వైటూకే (2000 సంవత్సరం వచ్చేలోపు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే) హడావిడిలో అమెరికా వచ్చినవాడు. పెద్ద కంపెనీలు రెండు మూడు తిరిగి, పదేళ్ళుగా ఇర్వింగ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉంటున్నాడు. యజమాని మా జిల్లా కుర్రాడే, మంచివాడు. మొత్తం 14 మంది. జీతాలు, వీసా కాగితాలు, ఇన్సూరెన్స్ అన్నీ ఒకే అమ్మాయి చూస్తుంది. వాళ్ళ హెచ్ఆర్ అంటే ఆ అమ్మాయే.

2024 మార్చిలో అన్నయ్యకి 65 నిండాయి. ఆ రెండు మూడు నెలల్లో ఇంటికి వచ్చిన మెడికేర్ ప్రకటనల్ని వదిన ఒక చెప్పుల డబ్బాలో పడేసేది. డబ్బా నిండిపోయి మూత పట్టలేదు. పళ్ళకి ఉచితం, కళ్ళజోడుకి ఉచితం, జిమ్‌కి ఉచితం. అన్ని కాగితాల్లో ఒక్కటైనా "మీ కంపెనీలో ఎంతమంది?" అని అడిగిన పాపాన పోలేదు.

అన్నయ్య తన వాట్సాప్ గ్రూపులో అడిగాడు. "ఉద్యోగం చేస్తున్నంతకాలం పార్ట్ బి తీసుకోనక్కర్లేదు బ్రదర్, ఫైన్ పడదు. నెలకి 170 చిల్లర ఎందుకు దండగ?" అని జవాబొచ్చింది. ఆ ఏడాది ప్రీమియం 174 డాలర్ల 70 సెంట్లు. ఫైన్ పడదన్నదీ నిజమే. ఆ జవాబులో ఒక్క అబద్ధం లేదు.

ఇక్కడ లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మెడికేర్ అంటే 65 దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్. పనిచేసినంతకాలం జీతంలోంచి 1.45 శాతం కట్ చేస్తారు, యజమాని ఇంకో 1.45 కలుపుతాడు. ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు చూసేది పార్ట్ ఏ. 40 క్వార్టర్లు, అంటే పదేళ్ళు, పన్ను కట్టినవాళ్ళకి అది ఉచితం. డాక్టర్ల ఫీజులు, పరీక్షలు, అవుట్‌పేషెంట్ పనులు చూసేది పార్ట్ బి. దానికి నెలనెలా డబ్బు కట్టాలి. 2026లో నెలకి 202.90. అప్పటికే సోషల్ సెక్యూరిటీ పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళకి కార్డు దానంతటదే ఇంటికొస్తుంది. మా అన్నయ్యలా ఇంకా తీసుకోనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అప్లై చేసుకోవాలి.

ఉచితమైన పార్ట్ ఏ అయినా ఎందుకు తీసుకోలేదంటే, దానికీ ఒక లెక్కుంది. అన్నయ్య హెచ్ఎస్ఏలో, అంటే వైద్యం ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో, డబ్బు వేసుకుంటున్నాడు. మెడికేర్‌లో ఏ ముక్క తీసుకున్నా ఆ ఖాతాలో కొత్తగా డబ్బు వెయ్యకూడదు. అదీ నిజమే. మనిషి ఏదీ తెలియక చేసినవాడు కాదు, అన్నీ తెలుసుకునే చేశాడు.

2025 సెప్టెంబర్‌లో ఒక శనివారం పొద్దున్న, ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం ఉన్న పార్కులో నడుస్తుంటే గుండెల్లో పట్టేసినట్టయింది. రెండు స్టెంట్లు వేశారు. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. మనిషి బాగానే తేరుకున్నాడు.

దీపావళికి వాళ్ళింటికి వెళ్తే, వదిన పులిహోర గిన్నె పక్కకి జరిపి కాగితాల కవరొకటి నా ముందు పెట్టింది. "నువ్వు ఇవే కదా రోజూ చూసేది, ఒకసారి చూడమ్మా. వీళ్ళేదో డబ్బులివ్వం అంటున్నారు." మొదటి కాగితం తిప్పగానే కనిపించింది: సీఓ-22. నేను రోజుకి పదిసార్లు చూసే కోడ్ అది. ఈ బిల్లు ముందు వేరే ఇన్సూరెన్స్ కట్టాలి, మేం కాదు అని దానర్థం.

"అన్నయ్యా, మీ ఆఫీసులో ఎంతమందున్నారు?"

"పద్నాలుగు. నాతో కలిపే. ఏం?"

నాకు నోట మాట రాలేదు. వదిన నా మొహం చూసి టీవీ సౌండ్ తగ్గించింది.

సంగతేమిటంటే, 1966 జూలైలో మెడికేర్ మొదలైనప్పుడు, 65 దాటినవాడు ఉద్యోగంలో ఉన్నా బిల్లు ముందు మెడికేరే కట్టేది. 1982లో, రీగన్ కాలంలో, ప్రభుత్వ ఖర్చు తగ్గించడానికి దాన్ని తిరగేశారు. ఉద్యోగంలో ఉన్నవాడి బిల్లు ముందు కంపెనీ ప్లాన్ కట్టాలి, మిగిలినదాంట్లో మెడికేర్ చూసుకుంటుంది. చిన్న యజమానుల మీద భారం పడకూడదని 20 మంది కంటే తక్కువున్న సంస్థలని మినహాయించారు. అక్కడ పాత పద్ధతే, మెడికేర్ ముందు. వయసు వల్ల కాకుండా వైకల్యం వల్ల మెడికేర్ వచ్చినవాళ్ళకి ఆ గీత 20 కాదు, 100. కిడ్నీలు పాడైనవాళ్ళకి తలకాయల లెక్కే లేదు, మొదటి 30 నెలలు కంపెనీ ప్లానే ముందు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం మాలాంటి బిల్లింగ్ వాళ్ళకే కష్టం.

చిన్న యజమానికి మినహాయింపు ఇవ్వడం తప్పని నేననను. నా గొడవ ఇంకోటి. ఒకే మనిషిని ఈ చట్టం రెండు కొలతలతో కొలుస్తుంది. పార్ట్ బి ఆలస్యంగా తీసుకున్నందుకు ఫైన్ వెయ్యాలా వద్దా అన్నప్పుడు కంపెనీ సైజు చూడదు. నువ్వో, నీ భార్యో ఉద్యోగంలో ఉండి, దానివల్ల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే చాలు. ఇద్దరున్న కంపెనీ అయినా సరే, నిన్నేమీ అనదు. బిల్లు ఎవరు కట్టాలి అన్నప్పుడు మాత్రం తలకాయలు లెక్కపెడుతుంది. అంటే 14 మందున్న కంపెనీలో పనిచేసే 66 ఏళ్ళవాడితో, "నువ్వు పార్ట్ బి తీసుకోకపోయినా తప్పు లేదు" అని ఒక చేత్తో వీపు తట్టి, "కానీ నువ్వు తీసుకున్నట్టే లెక్కేస్తాం" అని ఇంకో చేత్తో జేబు కోస్తారు.

జేబు కోయడమని ఊరికే అనలేదు. అన్నయ్య ప్లాన్ వాళ్ళు 'అసలు ఏమీ ఇవ్వం' అనలేదు. మెడికేర్ తన 80 శాతం ఇచ్చేసినట్టు ఊహించుకుని, మిగిలిన 20లో తమ వాటా లెక్కగట్టి పంపారు. ఆ 80 ఇచ్చేవాడు ఎవరూ లేరు. గుండె డాక్టరు, మత్తు డాక్టరు, ఎమర్జెన్సీ డాక్టరు, ఆ తర్వాత రిహాబ్. ఇవన్నీ కలిసి ఇంటికొచ్చిన బిల్లు 11,400 డాలర్లు. దీనికి తోడు 2024 నుంచి పొరపాటున మామూలుగా కట్టేసిన చిన్న చిన్న క్లెయిములు కూడా, రక్తపరీక్షలూ షుగరు డాక్టరూ, వెనక్కి లాక్కోవడం మొదలెట్టారు.

కొంత నష్టం తగ్గింది. 65 దాటాక పార్ట్ ఏకి అప్లై చేస్తే ఆరు నెలల వెనక్కి వెళ్ళి అప్పటినుంచీ అమల్లో ఉన్నట్టు రాసుకుంటారు. నవంబరులో అప్లై చేశాం, మే నుంచి ఇచ్చారు. సెప్టెంబర్ ఆసుపత్రి బిల్లు అందులో పడింది, 1,676 డాలర్ల డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) పోను. కానీ అదే వెనకడుగు హెచ్ఎస్ఏని తన్నింది. మే నుంచి వేసిన డబ్బంతా వెయ్యకూడని డబ్బైపోయింది, టాక్సులు ఫైల్ చేసేలోపు బయటకి తీసుకోవాల్సొచ్చింది. తియ్యకపోతే ఏటా 6 శాతం పన్ను. పార్ట్ బికి వెనక్కి వెళ్ళే దారి లేదు. డిసెంబరు 1 నుంచి మొదలైంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా డాక్టర్ల బిల్లులన్నీ అన్నయ్య నెత్తినే.

ఇవన్నీ సర్దుతున్నప్పుడే అన్నయ్య ఫైలులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. "ఇదిగో చూడు, సరిపోతుందని వాళ్ళే రాసిచ్చారుగా." చూస్తే అది క్రెడిటబుల్ కవరేజ్ నోటీసు. మెడికేర్ వయసొచ్చినవాళ్ళకి ప్రతి కంపెనీ ప్లానూ ఏటా అక్టోబరు 15 లోపు పంపాల్సిన కాగితం. మందుల కవరేజీ మెడికేర్ పార్ట్ డికి సమానంగా ఉందా లేదా అన్నదొక్కటే అందులో ఉంటుంది. ఉంది అని రాశారు, నిజంగానే ఉంది. డాక్టర్ల బిల్లుకీ దానికీ సంబంధం లేదు. ఆ ఒక్క 'సరిపోతుంది' పట్టుకుని మనిషి ఏడాదిన్నర నిశ్చింతగా ఉన్నాడు.

నా వాదన పుట్టింది ఆ కాగితంలోంచే. మందుల విషయంలో ఏటా ఉత్తరం పంపమని చట్టం పెట్టగలిగినవాళ్ళు, ఎవరు ముందు కడతారు అన్నదానికి పనిచేసేవాడికి ఒక ఉత్తరం పంపమని ఎందుకు పెట్టలేదు? సమాచారం లేకనా? 2007లో ఇంకో చట్టం చేశారు. గ్రూప్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ తమ దగ్గరున్న మెడికేర్ వయసువాళ్ళ వివరాలు మెడికేర్‌కి క్రమం తప్పకుండా పంపాలి, 2009 నుంచి అది అమల్లో ఉంది. ఎందుకు? తను కట్టనక్కర్లేని బిల్లు మెడికేర్ పొరపాటున కట్టెయ్యకుండా. ప్రభుత్వం జేబు కాపాడటానికి ఇంత పెద్ద యంత్రం తిరుగుతోంది. పుట్టినతేదీ తెలుసు, కంపెనీలో ఎంతమందో తెలుసు. తెలియనిదల్లా ఆ బిల్లు కట్టాల్సిన ముసలాయనకే.

ఇంకో ముచ్చట. చిన్న కంపెనీల ప్లాన్లలో ప్రీమియం వయసుని బట్టి పెరుగుతుంది. 64, ఆ పైన వయసువాళ్ళది చిట్టచివరి మెట్టు. 21 ఏళ్ళవాడి ప్రీమియానికి మూడు రెట్ల దాకా వసూలు చెయ్యొచ్చు. అన్నయ్య మీద అలా అందరికన్నా ఎక్కువ ప్రీమియం తీసుకుంటూనే, బిల్లు దగ్గరకొచ్చేసరికి 'మేం రెండోవాళ్ళం' అన్నారు. రెండోవాళ్ళయితే ప్రీమియం కూడా రెండోవాళ్ళదే తీసుకోవాలి కదా.

వాళ్ళ ప్లాన్ బుక్‌లెట్ తెప్పించి చూశాను. రాసుంది. 71వ పేజీలో, రెండు కాలమ్‌ల చిన్నక్షరాల్లో రాసుంది. "రాశాం కదండీ" అని ఫోన్లో వాళ్ళు కూడా అన్నారు. అంత చదువుకున్నవాడు తెలుసుకోవద్దా అని మా బంధువుల్లోనే ఒకరిద్దరు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. 17 ఏళ్ళు ఇదే పనిలో ఉండి నేను అడగలేదు, రోజుకి పది గంటలు కోడు రాసుకునేవాడు 71వ పేజీ చదవాలా? ఆ హెచ్ఆర్ అమ్మాయికైతే సీఎంఎస్-ఎల్564 అన్న ఫారం పేరు కూడా నేనే చెప్పాను. పార్ట్ బి ఆలస్యంగా తీసుకునేవాళ్ళకి, ఇన్నాళ్ళూ మా దగ్గర ఇన్సూరెన్స్ ఉంది అని యజమాని సంతకం పెట్టివ్వాల్సిన ఫారం అది. పాపం, ఆ అమ్మాయిని అనీ లాభం లేదు. 14 మందికీ అన్నయ్యొక్కడే 65 దాటినవాడు.

మన కన్సల్టెన్సీల్లో ఇది ముందు ముందు ఎక్కువే అవుతుంది. వైటూకేకి వచ్చిన తరానికి ఇప్పుడు ఒక్కొక్కరికీ 65 నిండుతున్నాయి. పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు పోయినవాళ్ళు తెలిసినవాళ్ళ చిన్న కంపెనీల్లో చేరుతున్నారు. 12 మంది, 15 మంది ఉండే కంపెనీలే చాలావరకు.

సరే, ఇంత గొడవెందుకు, 65 నిండగానే అందరూ పార్ట్ బి తీసుకుంటే పోలా అంటారు మావారు. ఆయన పెద్ద కంపెనీలో ఉన్నారు, 67 ఏళ్ళు, ఇంకా తీసుకోలేదు, అది వేరే విషయం! తీసుకోకపోవడమే ఆయనకి సరైంది కూడా. వేల మందున్న కంపెనీలో ప్లానే ముందు కడుతుంది. దాని వెనక పార్ట్ బి పెట్టుకుంటే ఏడాదికి 2,400 పైచిలుకు పోసి, కలిసొచ్చేది కాస్తే. ఇద్దరి ఆదాయం బాగుంటే ఆ రేటూ ఉండదు. 2024లో భార్యాభర్తలిద్దరి ఆదాయం కలిపి 2,18,000 దాటితే 2026లో ఒక్కొక్కరికీ 202.90 కాస్తా 284.10 అవుతుంది, ఆపైన ఇంకా మెట్లున్నాయి. ఇంకోటి, పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలు మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ కట్టగా మిగిలిన వాటా కోసం కొనుక్కునే ప్రైవేటు ఇన్సూరెన్స్) ఏ కంపెనీ అయినా ఆరోగ్యం గురించి అడగకుండా ఇచ్చి తీరాలి. ఆ కిటికీ ఒక్కసారే తెరుచుకుంటుంది. ఉద్యోగంలో ఉండగా ఉత్తినే తెరిచి మూసేసుకుంటే, రిటైరయ్యాక చాలా రాష్ట్రాల్లో షుగరుందా, బీపీ ఉందా అని అడగొచ్చు, కాదనొచ్చు. కాబట్టి "అందరూ తీసుకోండి" కూడా వాట్సాప్ సలహా లాంటిదే.

అన్నయ్య లాంటివాళ్ళకి మాత్రం రెండూ ఉండాలి. కంపెనీ ప్లాన్ మానేస్తే వదిన రోడ్డున పడుతుంది. తనకింకా 61. అన్నయ్య 40 క్వార్టర్ల మీద పార్ట్ ఏ ఉచితంగా వస్తుంది గానీ, అది 65 నిండాకే. అందుకని మెడికేర్ ముందు, కంపెనీ ప్లాన్ వెనక. వదినకి కంపెనీ ప్లానే.

కోబ్రా, అంటే ఉద్యోగం పోయాక పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొన్నాళ్ళు కొనసాగించుకునే పద్ధతి, దాని సంగతి కూడా చెప్పి వదిలేస్తాను, దాంట్లోనూ ఇదే మెలిక. మావారి స్నేహితుడొకాయన్ని 2024 జూన్‌లో ఉద్యోగంలోంచి తీసేశారు, అప్పటికే ఆయనకి 66. 18 నెలలు కోబ్రా తీసుకున్నాడు. అదే పాత ప్లాన్, అదే పాత కార్డు, యజమాని వాటాతో సహా 102 శాతం ప్రీమియం తనే కట్టాడు. కార్డు మారలేదు కాబట్టి ఏమీ మారలేదనుకున్నాడు. కానీ కోబ్రా ఉద్యోగం వల్ల వచ్చే ఇన్సూరెన్స్ కింద లెక్క కాదు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి పార్ట్ బికి ఎనిమిది నెలల గడువు నడుస్తూనే ఉంది, 2025 ఫిబ్రవరిలోనే ముగిసిపోయింది. జబ్బు చేసుంటే కోబ్రా కూడా 'మేం రెండోవాళ్ళం' అనేది. దేవుడి దయ, ఏమీ కాలేదు. 2026 జనవరిలో అప్లై చేశాడు, ఫిబ్రవరి నుంచి మొదలైంది. 2023కి ముందైతే జూలై దాకా ఆగాల్సొచ్చేది. 12 నెలలు నిండా ఆలస్యమైంది కాబట్టి 10 శాతం ఫైన్, నెలకి 20 డాలర్ల పైన. ప్రీమియం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది, బతికున్నంతకాలం.

ఇదంతా ఫోన్లో చెప్తుంటే తెనాలిలో మా పెద్దమ్మ కొడుకు నవ్వాడు. అక్కడ 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డిస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా. ఆధార్‌లో వయసు చూస్తారు, ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా ఇస్తారు. "మీ ఆఫీసులో ఎంతమందీ అని ఎవడూ అడగడే" అన్నాడు. అక్కడి బాధలు అక్కడున్నాయి, ఏ ఆసుపత్రి ఆ కార్డు తీసుకుంటుందో వెతుక్కోవడం దగ్గర్నుంచి. కానీ ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

నాకు కావాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. ఒక్క కాగితం. 64న్నర నిండినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ పంపాలి, పెద్దక్షరాల్లో: "మీ సంస్థలో 20 కంటే తక్కువమంది ఉన్నారు. 65 నిండాక మీ బిల్లు ముందు మెడికేర్ కడుతుంది. పార్ట్ బి తీసుకోకపోతే ఆ వాటా మీదే." మందుల నోటీసుకి పెట్టే కవర్లోనే పడుతుంది, స్టాంపు ఖర్చు కూడా పెరగదు. అది వచ్చేదాకా, మీ ఇంట్లో ఎవరికైనా 65 దగ్గరపడుతుంటే ఇన్సూరెన్స్ ఉందా అని అడక్కండి, ఉందనే చెప్తారు. ఎంతమందున్నారని అడగండి. ఆ జవాబు హెచ్ఆర్ నుంచి ఈమెయిల్లో తెప్పించుకోండి. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అని ఉచితంగా సలహా చెప్పేవాళ్ళున్నారు, మా టెక్సస్‌లో దాన్నే హైక్యాప్ అంటారు. ఏ పాలసీ అమ్మరు కాబట్టి ఓపిగ్గా చెప్తారు.

అన్నయ్య అప్పీలు ఇంకా నడుస్తోంది. గుండె డాక్టరు మాత్రం తన బిల్లులో మూడోవంతు తగ్గించాడు. ఎరుపూ నీలం గీతల మెడికేర్ కార్డు పర్సులో ముందు అరలో పెట్టుకున్నాడు, కంపెనీ కార్డు వెనక అరలో. ఏది ముందివ్వాలో మర్చిపోకుండా వదిన పెట్టిన ఏర్పాటది.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. కంపెనీకి కొత్త ప్రాజెక్టు వచ్చిందట. ఇప్పటికే 18 మందయ్యారు, వచ్చే నెల ఇంకో ఇద్దరు చేరుతున్నారట. ఏడాదిలో 20 వారాలపాటు 20 మంది ఉంటే వరస తిరగబడుతుంది, కంపెనీ ప్లాన్ ముందుకొస్తుంది, మెడికేర్ వెనక్కి పోతుంది. అది నేనే ఎప్పుడో చెప్పాను, గుర్తుపెట్టుకున్నాడు.

"ఒకమ్మాయి పార్ట్ టైమ్ అటే. వారానికి రెండు రోజులే వస్తుంది. ఆ అమ్మాయిని కూడా లెక్కేస్తారా?"

"వేస్తారు అన్నయ్యా."

అటువైపు వదినకి చెప్తున్నాడు, "పర్సు మళ్ళీ సర్దాలేమోనే."